ఎనిమిదో సంతకం

ఆ లోహపు చరిత్ర పలక మీద అబద్ధం పోత పోయించినవాళ్లు ఏడుగురు. టారెంట్ లాండింగ్ నగర చరిత్ర సంఘం సభ్యులు. అందరూ చదువుకున్నవాళ్లే. చల్లటి గదిలో కూర్చుని, నిమ్మకాయ కేకు కొరుకుతూ, నాలుగు చావుల్ని కొట్టేశారు. చంపినవాడి సంగతి సరే, వాడు పోయి వందేళ్లయింది. చచ్చినవాళ్ల పేర్లు ఈ ఏడాది తీసేసింది మాత్రం ఏడుగురూ మీరే. మీ చేత్తో తీశారు. సంతకాలు కూడా పెట్టారు.

ఆ ఏడు సంతకాల కింద ఎనిమిదోది ఒకటుంది. అది ఎమరీ గేథర్స్‌ది. అతను మనవాడే, నల్లవాడే. ఆ సంతకం పెట్టేనాటికి ప్రేమలో కూడా ఉన్నాడు. అందుకే ముందు అతని సంగతి చెప్పుకోవాలి.

ఎమరీకి ముప్పై మూడేళ్లు. నగరం రోడ్ల విభాగంలో పని. ఊళ్లో అరవై మూడు చరిత్ర పలకలున్నాయి. వాటికి గుంట తవ్వి, ఇనప కంబం నిలబెట్టి, సిమెంటు పోసేది అతనే. పలక మీది ఉబ్బెత్తు అక్షరాలు ఎండకి వెలిసిపోతే, నిచ్చెన వేసుకుని సన్న కుంచెతో ఒక్కో అక్షరానికీ బంగారు రంగు పూసేదీ అతనే. పదకొండేళ్లుగా పూస్తున్నాడు.

డెల్ఫిన్ ప్రూయిట్ అతనికి మొదట కనబడలేదు, వినబడింది. జనవరిలో ఒక శనివారం పొద్దున దూది వర్తకుడి మేడ ముందు నిచ్చెన మీదున్నాడు. కింద పదిమంది యాత్రికులు, వాళ్ల ముందు పసుపుపచ్చ రెయిన్‌కోటులో ఒకమ్మాయి. వారమంతా సరుకు మోసే బార్జి పడవల కంపెనీలో రేడియో దగ్గర కూర్చుని నదిలో పడవలకి దారి చెబుతుంది. శనివారం మాత్రం పలకల్లో రాయని కథలు చెప్పి జనాన్ని ఊరంతా నడిపిస్తుంది.

"ఈ మేడ కట్టినాయన దయగలవాడని ఇక్కడ రాశారు," అంది. "ఎవరి మీద దయో రాయలేదు. అదిగో, పైన నిచ్చెన మీదున్నాయన ఆ దయకే రంగు వేస్తున్నారు."

పదిమందీ తలెత్తారు. ఎమరీ కుంచె గాల్లో ఆగిపోయింది.

"నాకు అక్షరాలే తెలుసు మేడమ్. అర్థాలు వేరే డిపార్ట్‌మెంటు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "అక్షరాలు మరీ అందంగా వేస్తున్నారు. నా బాధ అదే," అంది.

అంతలో నది మీంచి వాన వచ్చిపడింది. యాత్రికులు కాఫీ కొట్టులోకి పరుగెత్తారు. ఎమరీ తన కోటు విప్పి తడి రంగు కారిపోకుండా పలకకి కప్పాడు. అది చూసి ఆమెకి ఒళ్లు మండింది. మనిషి తడుస్తుంటే పలకకి కోటా అని అడిగింది. ఏ మనిషి అన్నాడు. ఇంకెవరు, నువ్వే అంది. తను తడుస్తున్న సంగతి అప్పుడు గాని అతనికి తెలియలేదు.

ఇద్దరూ అతని ట్రక్కులో కూర్చున్నారు. అద్దాలకి ఆవిరి పట్టింది. ఏదో ఒక గొప్ప చెప్పుకోకపోతే పరువు పోయేలా ఉందని, ఊళ్లో పలకలన్నీ తనకి నోటికొచ్చునన్నాడు ఎమరీ. నమ్మనంది. ఆరు పలకలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఆరోదానికి ఆమె నవ్వేసింది. నవ్వితే ఎడమ బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుందని అతను చూశాడు. చూశాడని ఆమె చూసింది.

"సరే. అరవై మూడింట్లో పేరు పెట్టి రాసిన నల్ల ఆడమనుషులు ఎంతమంది?"

ఎమరీ కళ్లు మూసుకుని వీధి వీధీ తిరిగాడు. కోర్టు, రైలు స్టేషను, రెండు పెద్ద చర్చిలు, గవర్నరు ఒక్క పూట బస చేసిన హోటలు. వాన వెలిసేదాకా తిరిగాడు. కళ్లు తెరిచాక ఆమె మొహం చూడలేకపోయాడు.

"ఒక్కరూ లేరు."

"పదకొండేళ్లు," అంది డెల్ఫిన్. తిట్టినట్టు అని ఉంటే బాగుండేది. జాలిపడినట్టు అంది.

ఆ జాలి పోగొట్టుకోవాలనే మరుసటి శనివారం నడకకి వెళ్లాడు. ఆ పై శనివారం కూడా వెళ్లాడు. మూడోసారి ఆమె గుంపు ముందు ఇతన్ని నిలబెట్టి, ఈయన పలకలు అప్పజెబుతారు, నేను తప్పులు దిద్దుతాను అంది. యాత్రికులకి ఆ ఆట తెగ నచ్చింది. ఎమరీ పొగుడుతున్న గొంతుతో రెండు వాక్యాలు చెప్పేవాడు, ఆమె చల్లగా ఒక్క వాక్యంతో పడగొట్టేది. ఊళ్లో అప్పుడే మాట పుట్టింది, గేథర్స్ వాళ్లబ్బాయి బుద్ధిగా తిట్లు తినడానికి వారం వారం వెళుతున్నాడని.

ఆమె కోరుకునేది ఒక్కటే. అరవై నాలుగో పలక. అది దిగువ రేవులో నిలబడాలి.

దిగువ రేవు ఈ ఊరి చాకిరేవు. 1909 వేసవిలో, ఇళ్ల బట్టలు ఉతికే నల్ల ఆడవాళ్లు మెడలో నంబరు వేసిన తగరపు బిళ్ల కట్టుకోవాలని నగరం ఆజ్ఞ వేసింది. నలభై ఒక్కమంది ససేమిరా కట్టుకోం అన్నారు. బట్టలు రేవులో వదిలేసి చేతులు కట్టుకుని కూర్చున్నారు. నగర మార్షల్, అంటే పోలీసు పెద్ద, వాళ్లని దూది మోసే బార్జి ఎక్కించి, నది మధ్యలో లంగరు వేసి, రెండు పగళ్లు ఉంచాడు. పైన కప్పు లేదు. చుట్టూ నీళ్లు, తాగడానికి ఇచ్చినవాడు లేడు. నలుగురు చనిపోయారు. వాళ్లలో పెర్లీ మేస్ ఒకరు. డెల్ఫిన్ అమ్మమ్మ మిస్ ఆల్తీకి ఆమె అమ్మమ్మ.

మిస్ ఆల్తీకి తొంభై రెండేళ్లు. కళ్లు దాదాపు పోయాయి. చెవులు మాత్రం పాము చెవులు. ఎమరీ మొదటిసారి ఆ ఇంటి వరండా ఎక్కగానే, మీవాళ్లెవరు, ఏ చర్చి అని అడిగింది. మౌంట్ నీబో బాప్టిస్టు అన్నాడు. పోన్లే, మెథడిస్టువి కాదు, కూర్చో అంది. వెన్న చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టె పెట్టించింది. అతను తింటున్నంతసేపూ తన తల్లి గురించి చెప్పింది. అప్పటికి తొమ్మిదేళ్ల పిల్ల, గట్టు మీద నిలబడి బార్జి వైపు చూస్తూ అమ్మా అమ్మా అని అరిచిందట. గొంతు పోయి నెల్లాళ్లు మాట రాలేదట.

"ఆ పేరు ఒక్కసారి చేత్తో తడిమి పోవాలి నాయనా," అంది. "కళ్లు లేకపోతే ఏం, మీ పలకల మీద అక్షరాలు ఉబ్బుగా ఉంటాయంటగా."

ఉంటాయండీ, నేనే రంగు వేస్తాను అన్నాడు ఎమరీ. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు. ఒప్పుకోవాలి.

పలక మీద రాసే మాటలు డెల్ఫిన్ మూడేళ్లు కూర్చుని తయారుచేసింది. పాత పత్రికలు, చర్చి రిజిస్టర్లు, మార్షల్ స్వయంగా రాసుకున్న దినచర్య, అన్నీ జతచేసింది. చరిత్ర సంఘం ఏడాది నాన్చి, ఫిబ్రవరిలో సరేనంది. ఆ రోజు ఆమె ట్రక్కులోనే కూర్చుని మొత్తం అతనికి చదివి వినిపించింది. మార్షల్ ఆజ్ఞపై నలభై ఒక్కమంది స్త్రీలను బార్జి మీద బంధించారు, నలుగురు మరణించారు. తర్వాత నాలుగు పేర్లు. ఎమరీకి ఒక్కసారి వింటే చాలు. అతను తిరిగి అప్పజెబితే ఆమె కళ్లు తుడుచుకుని, ఈసారి దిద్దడానికి ఏం లేదు అంది.

ఇక మార్చి పదమూడు.

ఈ ఊళ్లో ఒక ఆచారం ఉంది. పోత పోసే ముందు కార్ఖానా నుంచి నమూనా కాగితం వస్తుంది. సంఘం సభ్యులు ఏడుగురూ సంతకం చేశాక, చివరి సంతకం పలక నాటేవాడు చెయ్యాలి. ఒకప్పుడెవడో పలకని తిరగేసి నాటాడు. రాత నది వైపుకి, వట్టి వీపు రోడ్డు వైపుకి వచ్చాయి. మూడు నెలలు చేపలే చదువుకున్నాయని ఊరంతా నవ్వింది. అప్పటినుంచీ కంబం కొలత, ఏ ముఖం రోడ్డుకి అన్నవి నాటేవాడు చూసి సంతకం చేస్తాడు. రాత అతని పని కాదు. కాని పక్కనే 'అభ్యంతరం' అని చిన్న గడి ఉంటుంది. పదకొండేళ్లలో ఎమరీ ఆ గడిలో ఎప్పుడూ టిక్కు పెట్టలేదు.

నమూనా అతని బల్ల మీదికి మధ్యాహ్నం వచ్చింది. కొలత చూశాడు. ముఖం చూశాడు. రాత చదవకుండా ఉండలేని మనిషి కాబట్టి చదివాడు.

'1909 వేసవిలో నగరంతో కలిగిన అభిప్రాయభేదం వల్ల కొందరు బట్టలుతికే స్త్రీలు బార్జి మీద కొంత సమయం గడిపారు. తీవ్రమైన ఎండ వల్ల పలువురు అస్వస్థులయ్యారు. వారి శ్రమను నగరం గౌరవిస్తోంది.'

పేర్లు లేవు. మార్షల్ లేడు. చావు లేదు. పిక్నిక్కుకి వెళ్లి ఎండదెబ్బ తగిలినట్టుంది.

ఎమరీ సంఘం అధ్యక్షుడికి ఫోన్ చేశాడు. లాసిటర్ అనే రిటైరైన లాయరు. తేనె పూసిన గొంతు. తప్పు పడిందేమో చూడమన్నాడు ఎమరీ. తప్పేం పడలేదన్నాడు ఆయన. దిగువ రేవులో కొత్తగా షికారు ఓడలు ఆగుతున్నాయి, పార్కు కట్టాం అన్నాడు.

"అతిథి ఓడ దిగి కాలు పెట్టగానే చావు కబురు చెబుతామా ఎమరీ? నీకు అభ్యంతరముంటే టిక్కు పెట్టు. ఫైలు వెనక్కి వస్తుంది. మళ్లీ వంతు రావాలంటే రెండేళ్లు. నీ ఇష్టం."

రెండేళ్లు. మిస్ ఆల్తీని ఆ చలికాలంలోనే రెండుసార్లు ఆసుపత్రికి మోశారు. రెండోసారి ఎమరీయే ఎత్తుకుని ట్రక్కెక్కించాడు, బుట్టెడు పూలంత బరువు కూడా లేదు. పేరు లేకపోయినా రేవులో పలకైనా ఉంటుంది అనుకున్నాడు. ఏదో ఒకటి నిలబడితే తర్వాత సరిచేయించుకోవచ్చు అనుకున్నాడు. పోసిన లోహాన్ని ఎవడూ సరిచెయ్యలేడని ఆ ఊళ్లో అతనికంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా అనుకున్నాడు.

సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం డెల్ఫిన్‌తో కలిసి టమాలే బండి దగ్గర నిలబడ్డాడు. మొక్కజొన్న ఆకులో చుట్టి ఉడికించిన పిండి పొట్లం విప్పుతూ ఆమె గడ్డానికి ఎర్ర కారం పూసుకుంది. ఎమరీ తుడిచాడు. తుడిచిన చెయ్యి వెనక్కి తీయలేదు. అందరూ చూస్తున్నారు అంది ఆమె. చూడనీ అన్నాడు. మొదటి ముద్దు అక్కడే, టమాలే ఆవిరిలో. అతని జీవితంలో అంత సంతోషం లేదు. తన మీద తనకి అంత రోతా లేదు. ఎందుకలా ఉన్నావని ఆమె అడిగితే, కారం ఎక్కువైందన్నాడు.

చెప్పడానికి ఏడు వారాలు దొరికాయి. ఏడు శనివారాలు పక్కపక్కనే నడిచారు. ప్రతి శనివారం నోరు తెరవడం, ఆమె సొట్ట బుగ్గ చూసి మూసుకోవడం. దీన్ని ప్రేమ అనుకున్నాడు. పిరికితనానికి ఇంతకంటే మంచి ముసుగు దొరకదు.

మే మొదటి శనివారం ఆవిష్కరణ. రేవులో మడత కుర్చీలు వేశారు. మౌంట్ నీబో గాయకబృందం వచ్చింది, ఆడవాళ్లు టోపీలు పెట్టుకుని అంత్యక్రియల కంపెనీ పంచిన అట్ట విసనకర్రలతో విసురుకుంటున్నారు. నలభై ఒక్కమంది వంశాల్లో దొరికినవాళ్లంతా వచ్చారు. చికాగో నుంచి వచ్చినవాళ్లున్నారు. లాసిటర్ పావుగంట మాట్లాడి నీలం గుడ్డ లాగాడు.

డెల్ఫిన్ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఇంకా ఎవరికీ అర్థం కాలేదు, చప్పట్లు కొడుతున్నారు. మిస్ ఆల్తీ మాత్రం చక్రాల కుర్చీలోంచి లేపమంది. మనవరాలు పలక మీంచి కళ్లు తిప్పలేదు. ఎమరీయే వెళ్లి పట్టుకున్నాడు. ముసలావిడ పలక మీద చెయ్యి పెట్టింది. పై వరస నుంచి మొదలుపెట్టి వేళ్లతో ఒక్కో అక్షరమూ తడిమింది. చివరిదాకా వెళ్లింది. ఏదో పొరపడ్డాననుకుని మళ్లీ మొదటినుంచీ తడిమింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"మా అమ్మమ్మ ఎక్కడుంది నాయనా?"

 పలక వెనకవైపున ఉందని అబద్ధం చెబుదామా అని ఎమరీ ఒక్క క్షణం అనుకున్నాడు కూడా.

"లేదండీ. తీసేశారు. నాకు తెలుసు."

డెల్ఫిన్ తల తిప్పింది. "ఎప్పటినుంచి తెలుసు?"

"మార్చి పదమూడు. నమూనా నా దగ్గరికి వచ్చింది. సంతకం పెట్టాను."

ఆమె మనసులో తేదీ వెతుక్కోవడం అతను చూశాడు. టమాలే బండి దగ్గరికి చేరుకోవడమూ చూశాడు. చెంపమీద కొడుతుందనుకున్నాడు. కొట్టలేదు. అమ్మమ్మ భుజం చుట్టూ ఉన్న అతని చెయ్యిని తీసి పక్కన పెట్టింది, ఎవరిదో వస్తువు దారిలో అడ్డముంటే జరిపినట్టు.

మళ్లీ వంతు రెండేళ్లకి గాని రాదన్నారు, అప్పటికి మిస్ ఆల్తీ ఉండకపోవచ్చని అలా చేశాను అన్నాడు ఎమరీ. మాట సగంలో ఉండగానే ముసలావిడ అతని వైపు తిరిగింది.

"చచ్చేలోగా నేను అబద్ధమైనా తడమాలని నీకెవరు చెప్పారు? నన్ను అడిగావా?"

అడగలేదు. ఆ ఇంట్లో ఇన్నిసార్లు అన్నం తిని, ఒక్కసారి అడగలేదు.

పది రోజులు డెల్ఫిన్ ఫోను ఎత్తలేదు. శనివారం నడకకి వెళితే, గుంపులో అతను లేనట్టే మాట్లాడింది. పదకొండో రోజు వానలో వాళ్ల వరండా మెట్ల దగ్గర నిలబడ్డాడు. మిస్ ఆల్తీ లోపల పడుకుని ఉంది. రేవు నుంచి వచ్చినప్పటినుంచీ మంచం దిగలేదు. డెల్ఫిన్ తలుపు తెరిచి జాలీ తలుపు మూసే ఉంచింది.

ఎమరీ చెప్పదలుచుకున్నదంతా చెప్పాడు. ప్రేమిస్తున్నానన్నాడు. జనవరి నుంచీ, కోటు లేకుండా తడిసిన రోజునుంచీ అన్నాడు. నిద్ర లేదన్నాడు. ఏం చెయ్యమంటే అది చేస్తానన్నాడు.

ఆమె అంతా విన్నది.

"నాకూ ఇష్టమే ఎమరీ. అదే అసహ్యంగా ఉంది," అంది. "నువ్వు ఇదంతా ఇక్కడ నాకు చెబితే నీ మనసు తేలికవుతుంది. నాకేం ఒరుగుతుంది? వాళ్లు ఏడుగురూ, అందరి సమ్మతితోనే రాశామని పత్రికలో వేసుకున్నారు. ఆ అందరిలో నువ్వున్నావు. మంగళవారం నగర కౌన్సిల్ సమావేశం ఉంది. ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. అక్కడ చెప్పు."

"ఉద్యోగం పోతుంది డెల్ఫిన్."

"పెర్లీకి ఏం పోయిందో అమ్మమ్మ నీకు అన్నం పెట్టి మరీ చెప్పింది," అని తలుపు వేసింది.

మంగళవారం ఆరింటికి కౌన్సిల్ గది సగం నిండింది. ముందు వరసలో లాసిటర్, పక్కనే సంఘం సభ్యులు మిగతా ఆరుగురూ. వెనక గోడకి ఆనుకుని ఎమరీ పై అధికారి, చేతులు కట్టుకుని. మధ్య వరసలో డెల్ఫిన్. ఎమరీ చొక్కా పైగుండీ పెట్టుకుని మైకు దగ్గరికి వెళ్లాడు. పచ్చ దీపం వెలిగింది.

అతనికి ఉపన్యాసాలు రావు. పేరు చెప్పాడు, ఉద్యోగం చెప్పాడు. ఫిబ్రవరిలో ఒప్పుకున్న మాటలు మొత్తం అప్పజెప్పాడు, నాలుగు పేర్లతో సహా. తర్వాత పలక మీద ఉన్నవి అప్పజెప్పాడు. రెండిటికీ మధ్య ఏం పోయిందో విన్నారు కదా అన్నాడు. మార్చి పదమూడున తనకి తెలుసనీ, ఫోన్‌లో అడిగాననీ చెప్పాడు, వచ్చిన జవాబూ చెప్పాడు. అభ్యంతరం గడి ఖాళీగా వదిలింది తనేనన్నాడు. సమ్మతి అని మీరు పత్రికలో వేసుకున్నది నా భయం అన్నాడు.

మూడు నిమిషాలు అయిపోయినట్టు ఎర్ర దీపం వెలిగింది. కౌన్సిల్ అధ్యక్షురాలు థాంక్యూ మిస్టర్ గేథర్స్, మీ అభిప్రాయం సంఘానికి పంపుతాం, వచ్చే బడ్జెట్‌లో చూద్దాం అంది. లాసిటర్ నవ్వుతూ తలూపాడు. అలా తలూపడం ఆ గదిలో ఎప్పుడూ పని చేస్తుంది. ఎమరీ మైకు వదలబోయాడు.

వెనక కుర్చీ కిర్రుమంది. డెల్ఫిన్ లేచి నిలబడింది. తన పేరూ, వీధీ చెప్పింది. తర్వాత మామూలు గొంతుతో, "నా మూడు నిమిషాలు ఆయనకిస్తున్నాను," అంది. అతని వైపు చూడలేదు. మొహంలో క్షమించిన జాడేమీ లేదు. కాని కూర్చోలేదు, నిలబడే ఉంది.

పచ్చ దీపం మళ్లీ వెలిగింది. ఎమరీ మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"బడ్జెట్ దాకా ఆగం," అన్నాడు. "మిస్ ఆల్తీ మంచం మీద ఉంది. ఆమె పోయాక పేరు పెట్టి దండ వెయ్యడానికి మీరందరూ వస్తారు, నాకు తెలుసు. అది వద్దు. రేపు పొద్దున ఆ పలక పీకెయ్యండి, గుంట నేను తవ్వుతాను, జీతం ఇవ్వకపోయినా తవ్వుతాను. ఫిబ్రవరిలో మీరే ఒప్పుకున్న మాటలు ఈ రాత్రికే కార్ఖానాకి పంపండి. బంధించారని రాయండి. ఎవడు బంధించాడో రాయండి. నలుగురి పేర్లూ రాయండి. పలకలు తమంతట తాము మారవు, మార్చాల్సిన మీరు ఇక్కడే ఉన్నారు, ఏడుగురూ ఉన్నారు. చేతులు ఎత్తండి. ఇప్పుడే, మేం చూస్తుండగా ఎత్తండి."